పసుపు బస్సు, పది అడుగుల దూరం

ప్రయాణమై గడప దాటేవారిని "క్షేమంగా వెళ్లి లాభంగా రండి" అని సాగనంపడం తెలుగింటి ఆచారం. అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాలలో ఈ ఆశీస్సు తరచుగా కారు రూపం ధరిస్తున్నది. వీధి మలుపులో బడి బస్సు ఆగుతున్నా, బిడ్డను పరుల చేతికి అప్పగించడానికి మనసొప్పక, తల్లిదండ్రులు స్వయంగా బడి వద్ద దింపి వస్తారు. ఈ ప్రేమను శంకించవలసిన పనిలేదు. అయితే ప్రేమ వేసే లెక్కకూ, గణాంకాలు చూపే లెక్కకూ ఇక్కడ పొంతన కుదరదు.

అమెరికా జాతీయ పరిశోధన మండలి 2002లో వెలువరించిన నివేదిక ఈ విషయాన్ని నిశితంగా పరిశీలించింది. బడికి పోయి వచ్చే వేళలలో ఏటా సుమారు 800 మంది బడి ఈడు పిల్లలు రహదారి ప్రమాదాలలో మరణిస్తున్నారని ఆనాటి అంచనా. విద్యార్థుల ప్రయాణ దూరంలో నాలుగోవంతు బడి బస్సులదే అయినా, వాటికి సంబంధించిన మరణాలు సుమారు 20 మాత్రమే, అనగా నూటికి రెండు. ఆ ఇరవైలోనూ బస్సు లోపలివారు అయిదుగురే. తక్కిన పదిహేనుగురు బస్సు వెలుపల కాలినడకన ఉన్నవారు. మొత్తం మరణాలలో సగానికి పైగా, కౌమార వయస్కులు వాహనం నడుపుతుండగా సంభవించినవి.

బస్సుకు గల ఈ భద్రత యాదృచ్ఛికం కాదు. 1939లో న్యూయార్క్‌లో, కొలంబియా విశ్వవిద్యాలయపు టీచర్స్ కాలేజీలో ఫ్రాంక్ సైర్ అనే ఆచార్యుడు ఏర్పాటు చేసిన సదస్సు బడి బస్సులకు ప్రమాణాలను రూపొందించింది. వేకువ మసకలో సైతం నల్లని అక్షరాలు స్పష్టంగా కనిపించే పసుపు వన్నెను ఎంచుకున్నది అక్కడే. ఆ వన్నెకు తొలినాళ్లలో ఆధారం లెడ్ క్రోమేట్ అనే వర్ణద్రవ్యం. సీసం విషపదార్థం కనుక తరువాతి కాలంలో ద్రవ్యాన్ని మార్చి, వన్నెను నిలుపుకున్నారు. 1977లో అమలులోకి వచ్చిన సమాఖ్య ప్రమాణం సీట్ల అమరికను నిర్దేశించింది. ఎత్తయిన వీపుతో, మెత్తని పొరతో, దగ్గరదగ్గరగా ఉండే సీట్ల నడుమ పిల్లలు అట్టపెట్టెలో గుడ్ల వలె ఒదిగి ఉంటారు. బస్సు దేనినైనా ఢీకొన్నప్పుడు ముందు సీటు వీపు వంగి, ఆ తాకిడి శక్తిని తనలో ఇముడ్చుకుంటుంది.

కనుక తల్లిదండ్రులు భయపడవలసినది బస్సు లోపలి ప్రయాణానికి కాదు. బస్సు చుట్టూ ఉన్న పది అడుగుల నేలకు. ఆ పరిధిలో నిలిచిన చిన్నపిల్లలు డ్రైవరుకు కనిపించకపోవచ్చు. రోడ్డు దాటవలసిన బిడ్డ బస్సుకు ముందువైపు పది అడుగుల దూరం నడిచి, డ్రైవరు కళ్లలోకి చూసి, ఆయన సైగ చేసిన తరువాతనే కదలాలి. బస్సు వెనుకగా ఎన్నడూ దాటరాదు. చేతిలోని పుస్తకం బస్సు కిందికి జారితే, దానికై వంగక డ్రైవరుకు చెప్పాలి. శీతకాలపు చీకటి ఉదయాలలో, కారు దీపాల కాంతిని తిరిగి కారు వైపుకే పంపే మెరుపు పట్టీ కోటు మీద ఉండడం మేలు.

బస్సు సౌకర్యం లేని ఊళ్లూ, బస్సు వేళకు కుదరని పనులూ ఉన్నాయి. అటువంటివారు సైతం బిడ్డను కాలిబాట వైపే దింపాలి. బారులు తీరిన కార్ల నడుమ నుంచి పరుగెత్తనీయరాదు. వరుసలో వేచి ఉన్నంతసేపూ ఇంజను ఆపివేయాలి. పొగగొట్టం నుంచి వెలువడే నైట్రోజన్ ఆక్సైడ్లూ, సూక్ష్మ ధూళికణాలూ పసివారి ముఖం ఎత్తులోనే వ్యాపిస్తాయి. ఒక బిడ్డను కాపాడబోయి తోటి బిడ్డల ఊపిరిని కలుషితం చేయడం న్యాయం కాదు.

అన్నిటినీ మించి ఆలోచించవలసినది, పదహారేళ్లు నిండగానే పిల్లలకు కారు కానుకగా ఇచ్చే అలవాటును. ఆరేళ్లనాడు బస్సును నమ్మని తల్లిదండ్రులే పదేళ్ల తరువాత తాళంచెవులు చేతిలో పెట్టడం విచిత్రం. ప్రమాదం ఎక్కువగా పొంచి ఉన్నది ఆ తాళంచెవుల వెంటనే. బస్సు ఉన్నచోట మరో రెండేళ్లు దానిలోనే పంపడం పిల్లలకు నామోషీగా తోచవచ్చు. ఆ నామోషీని భరించమని చెప్పే ధైర్యం పెద్దలకు ఉండాలి.