స్టెప్నీ లేని కారు

మన సంఘం సభ్యుల్లో ఖరీదైన కార్లు కొనేవాళ్ళు పెరిగారు. సంతోషమే. వాటిలో కొన్నిటి డిక్కీ తెరిచి, అడుగున పరిచిన పలక ఎత్తి చూడండి. స్టెప్నీ ఉండదు, జాకీ కూడా ఉండదు. అర కోటి పోసి కొన్న బండిలో అయిదో చక్రం లేదేమిటని కొందరు కంగారు పడతారు. షోరూములో అడిగితే, "ఇవి రన్‌ఫ్లాట్ టైర్లు సార్, గాలి పోయినా పరిగెడతాయి" అంటారు. మనం తలూపి ఇంటికి వచ్చేస్తాం. నాలుగేళ్ళకు ఆ టైర్లు అరిగిపోయి, కొత్తవాటి ధర విన్నప్పుడు మళ్ళీ ఆ మాట గుర్తొస్తుంది. అప్పుడు పుట్టే ప్రశ్న ఒకటే: వీటిని తీసేసి మామూలు టైర్లు వేయించుకోవచ్చా?

ఈ ప్రశ్న ఈ మధ్య నన్ను ఇద్దరు అడిగారు. బ్యాంకు ఆఫీసరుకు టైర్ల గురించి ఏం తెలుసనుకోకండి. కారు అప్పులు మంజూరు చేసి చేసి, కారు గురించి కాకపోయినా కారు ఖర్చుల గురించి కొంత తెలిసింది. మిగతాది టైర్ల షాపులో కూర్చుని, కారు కంపెనీ వాళ్ళిచ్చిన పుస్తకం చదివి తెలుసుకున్నాను.

ముందు ఈ టైరు సంగతి చూద్దాం. మామూలు టైరులో బండి బరువు మోసేది గాలి. రబ్బరు ఆ గాలిని పట్టి ఉంచే సంచి మాత్రమే. గాలి పోతే పక్క గోడలు నలిగి, రిమ్ము వాటిని కోసేస్తుంది. కొద్ది దూరంలోనే బండి ఆపాలి. రన్‌ఫ్లాట్‌లో ఆ పక్క గోడలను దళసరి రబ్బరుతో గట్టిగా కడతారు. గాలి పూర్తిగా పోయినా గోడలే బరువు మోస్తాయి. సాధారణంగా గంటకు 80 కిలోమీటర్ల వేగం మించకుండా, 80 కిలోమీటర్ల దూరం వరకు పోవచ్చంటారు. బండి నిండా మనుషులు, సామాను ఉంటే ఆ దూరం తగ్గుతుంది. టైరు పక్కన ఉండే అక్షరాలను బట్టి వీటిని గుర్తుపట్టవచ్చు. బ్రిడ్జ్‌స్టోన్ వారు ఆర్ఎఫ్‌టి అని, మిషెలిన్ వారు జడ్‌పి అని, కాంటినెంటల్ వారు ఎస్ఎస్ఆర్ అని వేస్తారు.

గాలి పోయిన సంగతి నడిపేవాడికి తెలియకపోవడమే ఇందులో చిక్కు. అందుకే రన్‌ఫ్లాట్ ఉన్న కారులో గాలి తగ్గితే దీపం వెలిగి హెచ్చరించే ఏర్పాటు తప్పనిసరి. బీఎండబ్ల్యూ వారు 2000 తర్వాతి దశాబ్దంలో తమ కార్లలో ఎక్కువ వాటికి ఈ టైర్లే బిగించి పంపారు. స్టెప్నీకి కావలసిన గుంట కూడా డిక్కీలో పెట్టని మోడళ్ళు వచ్చాయి. మన దేశంలో ఇది చట్టవిరుద్ధమేమో అని అడిగేవారికి ఒక మాట. 2020లో కేంద్ర మోటారు వాహనాల నిబంధనలను సవరించారు. ట్యూబ్‌లెస్ టైర్లు, గాలి ఒత్తిడి చెప్పే ఏర్పాటు, పంచరు వేసుకునే కిట్టు ఉన్న కారుకు స్టెప్నీ అక్కర్లేదు.

స్టెప్నీ అన్న మాట ఎక్కడిదో చాలామందికి తెలియదు. వేల్స్ దేశంలో లనెల్లి అనే ఊళ్ళో స్టెప్నీ వీధి ఉంది. 1904 ప్రాంతంలో డేవిస్ సోదరులు అక్కడ అదనపు చక్రం తయారుచేసి అమ్మారు. వాళ్ళ దేశంలో ఆ మాట దాదాపు మరుగున పడింది. మన పంచరు షాపుల్లో మాత్రం బతికే ఉంది.

ఇక అసలు విషయం. అడిగిన ఇద్దరిలో మొదటివారు మా బావగారు. బెంగుళూరులో స్థిరపడి నలభై ఏళ్ళయింది. రిటైరయ్యాక, వాడిన జర్మన్ సెడాన్ ఒకటి కొన్నారు. ఏడాదికి నాలుగైదుసార్లు చింతామణి, మదనపల్లె, రాయచోటి మీదుగా కడపకు వెళ్తారు. అక్కడ పాత ఇల్లుంది, పెళ్ళిళ్ళూ పేరంటాలూ ఉంటాయి. ఒకసారి రాయచోటి ఇంకా ఇరవై కిలోమీటర్లు ఉందనగా చక్రం గుంతలో పడింది. దీపం వెలిగింది. బండి ఆగలేదు. రన్‌ఫ్లాట్ తన మాట నిలబెట్టుకుంది. నెమ్మదిగా రాయచోటి చేరారు. అక్కడి పంచరు షాపు కుర్రవాడు టైరు పక్క గోడ చూసి, దీనికి తానేమీ చేయలేనన్నాడు. గువ్వలచెరువు ఘాట్ దిగి ఎలాగో కడప చేరారు. ఆ సైజు రన్‌ఫ్లాట్ అక్కడ ఏ షాపులోనూ లేదు. బెంగుళూరు నుంచి తెప్పించడానికి మూడు రోజులు పట్టింది. గాలి లేకుండా అంత దూరం పరిగెత్తిన టైరును మళ్ళీ బాగుచేయకూడదు, పారేయవలసిందే. "ఏమోయ్ బావమరిదీ, ఇంత డబ్బు పోసింది కోవా తినుకుంటూ మూడు రోజులు కూర్చోడానికా?" అన్నారు బావగారు. గువ్వలచెరువు పాలకోవా ఆయనకు ప్రాణమే కాని, మూడు రోజులు కాదు.

ఆలోచిస్తే ఇక్కడే ఉంది కీలకం. 80 కిలోమీటర్లు అనేది టైరుకు ఉన్న శక్తి. ఆ 80 కిలోమీటర్లలోపల అదే సైజు టైరు అమ్మే షాపు ఉండడం అనేది దేశానికీ దారికీ సంబంధించిన విషయం. జర్మనీలో ఆ రెండూ కలుస్తాయి. మన ఘాట్ రోడ్డు మీద కలవవు.

మిగిలిన మూడు టైర్లు కూడా అరిగాక, మామూలువి వేయిద్దామని బావగారు నిర్ణయించారు. నన్ను లెక్క వేయమన్నారు. అంకెలు ఉదాహరణకే చెబుతున్నాను, ధరలు సైజును బట్టి మారతాయి. రన్‌ఫ్లాట్ ఒకటి 24,000 రూపాయలు, అదే సైజు మామూలుది 15,000 అనుకుందాం. నాలుగింటికి తేడా 36,000. చాలామంది ఇక్కడితో ఆగిపోయి లాభం వచ్చిందనుకుంటారు. ఆ లాభంలోంచి స్టెప్నీ, జాకీ, గాలి కొట్టే చిన్న పంపు, పంచరు కిట్టు కొనాలి. వీటికి 20,000 వేసుకుంటే మిగిలేది 16,000. టైర్లు 40,000 కిలోమీటర్లు వస్తే కిలోమీటరుకు 40 పైసలు. ఈ పైసల కోసం కాదు మారవలసింది. అయితే స్టెప్నీ పెట్టుబడి ఖర్చు. రెండో విడత టైర్లు కొనేటప్పుడు మళ్ళీ కొనక్కర్లేదు. పైగా మామూలు ట్యూబ్‌లెస్‌కు మేకు దిగితే, నడక భాగంలో అయినంతవరకు, ఏ ఊళ్ళోనైనా కొద్ది డబ్బుతో పంచరు వేస్తారు.

ఇన్సూరెన్సు ఇస్తుంది కదా అనేవారు పాలసీ చదవాలి. మామూలు కారు పాలసీలో ఒక్క టైరే దెబ్బతింటే ఏమీ రాదు. టైరుతోపాటు బండి కూడా దెబ్బతింటేనే, టైరు ఖరీదులో సగం వరకు ఇస్తారు. వేరే ప్రీమియం కట్టి టైరు రక్షణ తీసుకుంటే అది వేరు.

నా లెక్క విన్నాక అక్కయ్య ఒక ప్రశ్న వేసింది. "ఏమప్పా, డబ్బు సరే. నడిరాత్రి ఆ ఘాట్ మీద టైరు పోతే చక్రం ఎవరు మార్చాల? మీ బావకు నడుము నొప్పి, నాకు మోకాళ్ళు."

బ్యాలెన్సు షీటులో కంటింజెంట్ లయబిలిటీ అని అడుగున చిన్న అక్షరాల్లో వేస్తారు. ఇదీ అలాంటిదే. రన్‌ఫ్లాట్‌కు ఎక్కువ ధర పెట్టి మనం కొన్నది రబ్బరు కాదు, చీకట్లో దిగనక్కర్లేని హక్కు. టైరు పేలినా బండి అదుపులో ఉంటుందన్న ధీమా కూడా దానితోపాటే. టైరు తీసేస్తే అవి రెండూ పోతాయి. బావగారు చాలాసేపు మాట్లాడలేదు. చివరికి మారుద్దామనే అన్నారు, మూడు షరతులమీద. కడప ప్రయాణం పగలే. తోడు డ్రైవరు ఉండాలి. చక్రం మార్చడం ముందే ఇంట్లో సాధన చేయాలి.

ఆ సాధనకు నేనూ వెళ్ళాను. ఈ కార్లలో చాలావాటికి చక్రం బిగించేది నట్టు కాదు, బోల్టు. మన పాత కార్లలోలాగా స్టడ్డుకు చక్రం తగిలించి నట్టు తిప్పడం కుదరదు. చక్రాన్ని చేత్తో ఎత్తి పట్టుకుని, రంధ్రాలు కలిపి, బోల్టు దూర్చాలి. అక్కయ్య టార్చి పట్టుకుంది. ముప్ఫై అయిదు నిమిషాలు పట్టింది. డ్రైవరు కుర్రవాడు రెండోసారి పదిహేను నిమిషాల్లో చేశాడు.

మార్చాలనుకునేవారు కొన్ని సంగతులు చూసుకోవాలి. నాలుగూ ఒకేసారి మార్చాలి. రెండు గట్టివి, రెండు మెత్తవి ఉంటే మలుపులో బండి ఒక తీరుగా పోదు. సైజు ఒకటే అయితే చాలదు. 225/50 ఆర్ 17 తర్వాత 94 డబ్ల్యూ అని ఉంటే, 94 అంటే ఆ టైరు 670 కిలోలు మోయగలదని, డబ్ల్యూ అంటే 270 కిలోమీటర్ల వేగానికి తట్టుకుంటుందని అర్థం. బరువు అంకె తగ్గించి చవక టైరు ఇవ్వజూపితే వద్దనండి. చివర నాలుగంకెల్లో తయారైన వారం, సంవత్సరం ఉంటాయి. 2325 అంటే 2025లో 23వ వారం. రన్‌ఫ్లాట్ రిమ్ముకు మామూలు టైరు ఎక్కుతుంది. మామూలు రిమ్ముకు రన్‌ఫ్లాట్ ఎక్కించకూడదు. గాలి దీపం ఏర్పాటును తీయించకండి, టైర్లు మార్చాక దాన్ని రీసెట్ చేయించండి. సన్నగా ఉండే తాత్కాలిక స్టెప్నీ కొంటే, దానిమీద కూడా 80 దాటకూడదు. డిక్కీలో దాన్ని పట్టీతో కట్టేయాలి, లేకపోతే బ్రేకు వేసినప్పుడు వెనక సీటు మీదికి వస్తుంది. డిక్కీలో స్థలం తగ్గుతుంది. బావగారి కారులో ఇప్పుడు బియ్యం మూట పట్టదు.

అందరికన్నా ముందు తేడా కనిపెట్టింది అక్కయ్య నడుము. గోడలు మెత్తబడ్డాయి కనుక గుంతల అదురు తగ్గింది. బావగారు మాత్రం స్టీరింగులో మునుపటి బిగి లేదంటారు. రెండూ నిజమే.

రెండోవారు మన సంఘం సభ్యురాలు, చెన్నైలో డాక్టరు. ఆస్పత్రి నుంచి రాత్రి పదకొండు దాటాక ఒంటరిగా కారు నడుపుకుంటూ ఇంటికి వెళ్తారు. ఊరు దాటడం అరుదు. టైర్ల ధర చూసి ఆవిడా మామూలువి వేయిద్దామనుకున్నారు. నేను వద్దన్నాను. ఆవిడకు 80 కిలోమీటర్లు అంటే చెన్నై మొత్తం. ఎక్కడ గాలి పోయినా దిగకుండా ఇల్లు చేరవచ్చు, తెల్లవారాక టైరు ఆ ఊళ్ళోనే దొరుకుతుంది. రన్‌ఫ్లాట్ హైవే కోసం పుట్టిందని అందరూ అనుకుంటారు కాని, మన దేశంలో అది ఎక్కువ పనికొచ్చేది పెద్ద ఊళ్ళోనే. ఆవిడ మళ్ళీ రన్‌ఫ్లాట్లే వేయించారు. నాలుగు టైర్ల బిల్లు నాకు పంపి, కింద "మీ సలహా ఫీజు" అని రాశారు.

వచ్చే సంచికలో బ్యాంకు లాకరు, నామినీల గురించి రాస్తాను. మీ ప్రశ్నలుంటే సంపాదకుల చిరునామాకు పంపండి.