విద్య మిగిలేనా? కొలువే మిగిలేనా?

బహుళజాతి సంస్థ పరదేశంలో కర్మాగారం నెలకొల్పినప్పుడు యంత్రాలతో పాటు తన దేశపు నిపుణులనూ వెంట పంపుతుంది. కాగితంపై రాయదగిన విద్యను పుస్తకాలు అందించగలవు. యంత్రపు చప్పుడులో తేడాను పసిగట్టడం, లోపం ఎక్కడ మొదలైందో గుర్తించడం వంటి మెలకువలు మాత్రం పక్కన నిలిచి చూపితేనే అలవడతాయి. ప్రవాస ఉద్యోగి రాకకు అసలు ప్రయోజనం ఇదే.

తెలుగునాట ఇందుకు కియా సంస్థ ప్రత్యక్ష నిదర్శనం. 2017లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వంతో ఒప్పందం చేసుకున్న ఈ దక్షిణ కొరియా సంస్థ, పెనుకొండ సమీపంలోని ఎర్రమంచి వద్ద ఏటా 3 లక్షల కార్ల సామర్థ్యంతో కర్మాగారాన్ని నిర్మించి 2019లో ఉత్పత్తి ప్రారంభించింది. కొరియా నిపుణుల రాకతో ఆ ప్రాంతంలో కొరియన్ భోజనశాలలు, ఆ లిపిలో బోర్డులు వెలిశాయి. అయితే ప్రవాస నిపుణుడు శాశ్వతంగా ఉండడు. అతడు తిరిగి వెళ్లేనాటికి ఆ పనిని స్థానికుడు అందుకున్నాడా లేదా అన్నదే గీటురాయి.

గడ్చిరోలి జిల్లా నేడు ఎదుర్కొంటున్నదీ ఈ ప్రశ్ననే. ఏటపల్లి తాలూకా సూర్జాగఢ్‌లో లాయిడ్స్ మెటల్స్ ఇనుప ఖనిజపు గని 2021 నుంచి తిరిగి పనిచేస్తోంది. కోన్‌సరిలో ఆ సంస్థ పరిశ్రమ వెలిసింది. గని నిర్వహణలో తమిళనాడుకు చెందిన త్రివేణి ఎర్త్‌మూవర్స్ అనుభవం తోడైంది. ఇది దేశాల నడుమ బదిలీ కాకపోయినా, మాడియా గోండి మాట్లాడే యువకుడికీ బయటి నుంచి వచ్చిన ఇంజినీరుకూ మధ్య భాషాదూరం తక్కువేమీ కాదు. గనుల విద్య కోసం గోండ్వానా విశ్వవిద్యాలయం, ఆస్ట్రేలియాలోని కర్టిన్ విశ్వవిద్యాలయం, లాయిడ్స్ సంస్థల మధ్య 2025లో ఒప్పందం కుదరడం హర్షణీయమే. కాని విదేశానికి వెళ్లగలిగేది కొద్దిమందే. తక్కినవారు నేర్చుకోవలసింది గని వద్దనే.

ఇక్కడే సిరొంచ ప్రాంతపు విలువ తెలుస్తుంది. ఇంట తెలుగు, బడిలో మరాఠీ, సంతలో గోండి వినిపించే ఈ సీమలో దుబాసీ పని పిల్లలకు సహజంగానే అబ్బుతుంది. అయినా ఏటా మిరప కోతలకు తెలంగాణకు వలస పోయే కూలీలలో ఈ జిల్లా వారు ఎందరో ఉన్నారు. భాష తెలిసినవారికి పని తెలియదు; పని తెలిసినవారికి భాష తెలియదు. ఈ రెంటినీ కలిపే శిక్షణ కొరవడింది.

కనుక ఉద్యోగాల సంఖ్యను ప్రకటించినంత మాత్రాన సరిపోదు. బయటి నిపుణుడి ప్రతి పదవికీ, అతడి వద్ద పని నేర్చే స్థానికుడినీ, ఆ పనిని అప్పగించే గడువునూ ముందుగానే నిర్ణయించాలి. అలా కాని పక్షంలో ఖనిజం తరిగిపోయిన నాడు జిల్లాకు మిగిలేది కాపలాదారు కొలువు చేసిన అనుభవమే తప్ప విద్య కాదు.