గోంగూర కట్ట ఎంత దూరం తిరగాలి?

ఇంకా తెల్లవారదు. ఊళ్లోంచి బయల్దేరే మొదటి బస్సులో వెనక సీట్ల పక్కన తడి గోనెసంచులు వరసగా చేరతాయి. గోంగూర, చుక్కకూర, తోటకూర, పాలకూర. నిన్న సాయంత్రం కోసి, కట్టలు కట్టి, రాత్రంతా తడిగుడ్డ కప్పి ఉంచిన ఆకుకూరలవి. ఆరు గంటలకల్లా రైతుబజారులో పట్టా పరిస్తే తొమ్మిదయ్యేసరికి సంచీ ఖాళీ. మధ్యాహ్నానికి ఆ గోంగూర ఎవరి వంటింట్లోనో పప్పులో ఉడికిపోయి ఉంటుంది. చేలోంచి కంచంలోకి రావడానికి పట్టిన సమయం ఒక్క రాత్రి, ఒక పూట.

అదే కట్ట మరో దారి పడితే కమీషన్ ఏజెంటు, హోల్‌సేల్ వ్యాపారి, చిల్లర దుకాణం అంటూ చేతులు మారి, రెండు మూడు రోజులకు గానీ ఇల్లు చేరదు. ఆకుకూరలో సి విటమిన్ కోసిన దగ్గర్నుంచే తరగడం మొదలవుతుంది. ఎండకు, వేడికి వాడేకొద్దీ ఇంకా వేగంగా పోతుంది. నీళ్లు చల్లితే ఆకు నిగనిగలాడుతుందేమో గానీ పోయిన విటమిన్ తిరిగి రాదు.

పోషకాల కన్నా పెద్ద లెక్క పైసలది. 2024లో వెలువడిన రిజర్వు బ్యాంకు అధ్యయన పత్రం ప్రకారం, టమాటాకు కొనేవాడు పెట్టే రూపాయిలో రైతుకు దక్కేది సుమారు 33 పైసలు. ఉల్లికి 36, ఆలుగడ్డకు 37. మిగతాదంతా దళారులే మింగేశారనడం న్యాయం కాదు. అందులో లారీ కిరాయి ఉంది, హమాలీ కూలి ఉంది, దారిలో నలిగి కుళ్లిపోయిన సరుకు ఉంది, దుకాణం అద్దె ఉంది. అయితే దూరం, చేతులు పెరిగేకొద్దీ ఈ ఖర్చులు పెరుగుతాయి, రైతు వాటా చిక్కిపోతుంది. 2023 జులైలో కిలో టమాటా 100 రూపాయలు దాటి కొనేవాళ్ల గుండెలదిరాయి. కొన్ని వారాలు తిరగ్గానే ధర కుప్పకూలి రైతులే లబోదిబోమన్నారు. పొడవైన గొలుసులో ఇటు చివర, అటు చివర ఉన్నవాళ్లకే దెబ్బ ముందు తగులుతుంది.

ఆ గొలుసును కురచ చేయడానికే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999 జనవరి 26న రైతుబజార్లు మొదలయ్యాయి. గుర్తింపు కార్డున్న రైతు తన పంటను తానే తెచ్చి అమ్ముకోవాలి. ధర హోల్‌సేల్ కన్నా ఎక్కువగా, బయటి చిల్లర ధర కన్నా తక్కువగా ఉండేలా రోజూ నిర్ణయించి, గేటు దగ్గర బోర్డు మీద రాస్తారు. అమ్మేవాళ్లకూ లాభమే, కొనేవాళ్లకూ లాభమే. అదే ఏడాది నవంబరులో తమిళనాడు మదురైలో ‘ఉళవర్ సందై’ పేరుతో ఇలాంటి సంతనే తెరిచింది.

రుచి సంగతీ చెప్పుకోవాలి. నాటు టమాటాకు తోలు పల్చన, పులుపు ఎక్కువ. పిసికితే చారుకు ప్రాణం వస్తుంది. కానీ క్రేట్లకెత్తి వందల కిలోమీటర్లు తీసుకెళితే మిగలదు. అందుకే దూరపు మార్కెట్టు గట్టి తోలున్న హైబ్రిడ్ కాయనే అడుగుతుంది, రైతు అదే వేస్తాడు. వానాకాలంలో కొన్ని వారాలే దొరికే ఆగాకర, తెలంగాణలో బోడకాకర అంటారే అదీ, చేలగట్ల మీద తనంత తాను మొలిచే గంగవాయిలి కూరా దగ్గర్లో కొనేవాళ్లుంటేనే సంతకొస్తాయి. అడిగేవాళ్లు లేకపోతే గంపలోంచి ముందు మాయమవుతాయి, ఆ తర్వాత పిల్లల నాలుక మీంచి కూడా.

జహీరాబాద్ ప్రాంతంలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు పండిన చోటే తినే ఈ పద్ధతిని ఇంకా లోతుగా చేసి చూపించాయి. ఎక్కువమంది చిన్న కమతాలున్న దళిత మహిళలు. బీడుపడ్డ భూముల్లో జొన్న పండించి, 1990లలోనే తమ ఊళ్లకు తామే రేషన్ పంచుకున్నారు. 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం వారికి ఈక్వేటర్ బహుమతి ఇచ్చింది.

అన్నీ దగ్గర్లోనే దొరకాలంటే కుదరదు. ఆపిల్ హిమాచల్ నుంచో కశ్మీర్ నుంచో రావలసిందే. దగ్గర్లో పండినంత మాత్రాన పురుగుమందు కొట్టలేదనీ కాదు. అయితే ఎదురుగా కూర్చున్న మనిషిని ‘ఏం మందు కొట్టావమ్మా, ఎన్నాళ్లయింది?’ అని అడగొచ్చు. ప్లాస్టిక్ కవరు చుట్టిన బెండకాయ ఆ జవాబు చెప్పదు.

రైతుబజార్లలో రోగాలూ ఉన్నాయి. రైతు కార్డు అడ్డం పెట్టుకుని మండీ సరుకు అమ్మే వ్యాపారుల మీద ఏళ్లుగా ఫిర్యాదులొస్తున్నాయి. పొలానికి వెళ్లి పంటను చూసి కార్డులు సరిచూడటం అధికారుల చేతిలో పని. నగరాల అంచున వేల ఫ్లాట్లు లేస్తున్న కొత్త కాలనీల్లో పార్కుకూ గుడికీ చోటున్నట్టే రైతుబజారుకూ చోటుండాలి. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి మహిళలకు ఆర్టీసీ ప్రయాణం ఉచితమైంది. కూరల సంచీతో వచ్చే ఆడవాళ్లకు టికెట్ డబ్బులు మిగులుతున్నాయి. వాళ్లు కూర్చోవడానికి నీడ, తాగడానికి నీళ్లు, ఒక మరుగుదొడ్డి కట్టడం పెద్ద ఖర్చేమీ కాదు.

కొనేవాళ్లు చేయగలిగింది ఇంకా చిన్నది. వారానికోసారి సంచీ పట్టుకుని వెళ్లడం, కట్ట మీద రెండు రూపాయల కోసం గీచి గీచి బేరమాడకపోవడం. గోంగూర తెచ్చినామె అడక్కుండానే కొసరుగా నాలుగు రెబ్బల కరివేపాకు సంచీలో వేస్తుంది. ఎండెక్కేలోగా తిరుగు బస్సు అందుకోవాలని, తడి గోనెను మడిచి చంకన పెట్టుకుంటుంది.