బలం ఉంటే చాలదు... జత కుదరాలి!

గంభీరావుపేట, కోరుట్ల, జగిత్యాల వైపు గల్ఫ్‌కి వెళ్లినవాళ్లు లేని ఊరు అరుదు. అక్కడి గ్యారేజీల్లో పనిచేసే మనవాళ్లకు డ్రాగ్ కార్లు కొత్తేమీ కాదు. బహ్రెయిన్, దోహాల్లో ఆ పందేలకు ప్రత్యేకంగా ట్రాక్‌లే ఉన్నాయి. నిలబడ్డ చోటి నుంచి 402 మీటర్లు ఎవరు ముందు దాటితే వాళ్లదే గెలుపు.

ఇంజిన్‌కి 1000 హార్స్‌పవర్ ఉన్నా, దాన్ని ఆటోమేటిక్ గేర్‌బాక్సుకు కలిపే టార్క్ కన్వర్టర్ సరైంది కాకపోతే పెట్టిన డబ్బంతా వృథాయే. రెండు ఫ్యాన్లు ఎదురెదురుగా పెట్టి ఒకటి వేస్తే, ఆ గాలికి రెండోదీ తిరుగుతుంది కదా! కన్వర్టర్‌లో గాలికి బదులు ఆయిల్ ఉంటుంది, అంతే.

బ్రేకు తొక్కిపట్టి యాక్సిలరేటర్ నొక్కితే ఇంజిన్ ఎంత వేగం అందుకుంటుందో అదే ‘స్టాల్ స్పీడ్’. ఇంజిన్ ఎక్కువ టార్క్ ఇచ్చే వేగానికి అది దగ్గరగా ఉండాలి. తక్కువైతే కారు మొదట్లోనే వెనకబడుతుంది. మరీ ఎక్కువైతే జారుడు పెరిగి, ఆయిల్ కాగి గేర్‌బాక్సుకే ముప్పు.

డబ్బా మీది అంకెనే నమ్ముకోకండి. అదే కన్వర్టర్‌ని ఇంకా బలమైన ఇంజిన్‌కి బిగిస్తే స్టాల్ స్పీడ్ పెరుగుతుంది. అందుకే కారు బరువు, ఇంజిన్ టార్క్, వెనక యాక్సిల్ నిష్పత్తి, టైరు సైజు రాసిచ్చి, తయారీదారుతోనే ఎంపిక చేయించుకోవాలి. స్నేహితుడి కారుకు కుదిరింది మీ కారుకు కుదరాలని లేదు.

ఇక రోజూ తిరిగే ఇంటి కారుకైతే కంపెనీ బిగించి ఇచ్చిందే మేలు!