కట్ట నిలబడింది, వాడకట్టు సంగతేమిటి?

సముద్రం ఎరుగని సీమ మన తెలంగాణ. ఆ లోటు తీర్చుకోవడానికేనేమో, మన పెద్దలు చెరువులకే సముద్రాలని పేర్లు పెట్టుకున్నారు. నల్లగొండ పక్కన పానగల్లులో ఉదయ సముద్రం, వనపర్తి దగ్గరి శ్రీరంగాపురంలో రంగసముద్రం అలా వచ్చినవే. నీళ్లున్న చోటే గుడి, గుడి చుట్టూ ఇళ్లు, ఇళ్లన్నీ కలిస్తే వాడకట్టు. ఈ అల్లిక ఎంత పాతదో చూడాలంటే తుంగభద్ర ఒడ్డున ఉన్న ఆలంపూర్‌కు పోవాలి.

బాదామి చాళుక్యుల కాలంలో, ఏడు, ఎనిమిది శతాబ్దాల్లో ఇక్కడ నవబ్రహ్మ ఆలయాలు వెలిశాయి. పేర్లు బ్రహ్మలవి, లోపల కొలువైంది శివుడు. పద్నాలుగో శతాబ్దపు దండయాత్రలో జోగులాంబ గుడి నేలమట్టమైతే అమ్మవారు బాలబ్రహ్మ ఆలయంలో తలదాచుకుంది. మళ్లీ సొంత గుడి చేరింది 2005లోనే. ఆ గుళ్ల చెంతనే షా అలీ పహిల్వాన్‌ దర్గా ఉంది. జాతరైనా ఉర్సు అయినా ఊరికి పండగే. చరిత్ర పుస్తకంలో కొట్లాటగా కనిపించేది వీధిలో ఇరుగుపొరుగుగా సర్దుకుంది. ఆలంపూర్‌ అందం రాతిలో ఎంత ఉందో ఈ సర్దుబాటులోనూ అంతే ఉంది.

ఊరి సత్తువకు మరో గుర్తు 1953. ఆ ఏడు ఆంధ్ర సారస్వత పరిషత్తు సభలు ఇక్కడ జరిగాయి. స్థానిక పండితుడు గడియారం రామకృష్ణశర్మ వాటిని తలకెత్తుకున్నారు. నాటి ఉపరాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్‌ వచ్చారు. కాళోజీ ‘నా గొడవ’ను శ్రీశ్రీ ఆవిష్కరించిందీ ఆ సందర్భంలోనే. పెద్ద నగరాలకు దూరంగా ఉన్న ఒక నదీతీర పట్నం తెలుగు సాహిత్యానికి ఆతిథ్యమిచ్చింది.

తర్వాత శ్రీశైలం జలాశయం వచ్చింది. వెనుక జలాలు ఆలంపూర్‌ను ముంచకుండా పెద్ద కట్ట పోశారు. కృష్ణా తుంగభద్రలు కలిసే కూడవెల్లి నుంచి సంగమేశ్వరాలయాన్ని రాయిరాయిగా విప్పి తెచ్చి ఇక్కడ నిలబెట్టారు. పాపనాశి గుళ్లనూ తరలించారు. మెచ్చుకోవలసిన పనే. రాళ్లకు నంబర్లు వేసి, వరస తప్పకుండా పేర్చారు. మనుషుల దగ్గరికి వచ్చేసరికి ఆ శ్రద్ధ కనిపించదు. వందకు పైగా ఊళ్లు నీట మునిగాయి. ముంపు కుటుంబాలకు ఉద్యోగాలిస్తామన్న 98వ నంబరు జీవో 1986లో వచ్చింది. ఆ జీవో పట్టుకుని నిర్వాసితులు దశాబ్దాలుగా కార్యాలయాల చుట్టూ తిరిగారు. కూడవెల్లి గుడికి కొత్త చిరునామా దొరికినంత చక్కగా, ఆ గుడి ముందు పెరిగిన పిల్లలకు దొరకలేదు.

కట్ట ఊరిని కాపాడింది. అదే కట్ట నదికీ వీధికీ మధ్య అడ్డంగానూ నిలిచింది. గడప దాటితే కనిపించే ఏరు ఇప్పుడు కట్టెక్కితేగాని కనిపించదు. పోనీ భయం తీరిందా అంటే అదీ లేదు. 2009 అక్టోబరులో కర్నూలును ముంచిన వరద ఆలంపూర్‌నూ వదల్లేదు.

ఇక చట్టం సంగతి. రక్షిత కట్టడానికి 100 మీటర్ల లోపు కొత్త నిర్మాణం నిషిద్ధం. ఆపై మరో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. 2010 సవరణతో ఇది మరింత గట్టిపడింది. కట్టడాలకు ఈ కట్టుబాటు అవసరమే, కాదనలేం. కానీ గుళ్ల మధ్యే ఊరున్న చోట ఈ కొలత నేరుగా వంటింట్లోకే వస్తుంది. పైకప్పు కురుస్తున్నా, కొడుకు పెళ్లికి ఒక గది పెంచుకోవాలన్నా అనుమతి మాట ఎత్తాల్సిందే. విసిగినవాళ్లు కదిలిపోతే మిగిలేది టికెట్టు కొని చూసే ఊరు.

కాబట్టి చేయాల్సింది మూడు పనులు. పాత ఇళ్ల మరమ్మతు అనుమతులు గడువులోగా ఆలంపూర్‌లోనే తేల్చాలి. పాత తీరు చెడకుండా బాగుచేసుకునేవారికి సాయం అందించాలి. పర్యాటక ప్రణాళిక గీసేటప్పుడు పార్కింగు స్థలంకన్నా ముందు వాడకట్టువాళ్ల మాట వినాలి. హైవే మీది ఆలంపూర్‌ చౌరస్తా నుంచి కారులో వచ్చి, గంటలో దర్శనం ముగించుకుని కర్నూలుకు పోయే యాత్రికుడి వల్ల ఈ ఊరికి దక్కేది ఎంత? ఇక్కడే ఒక పూట భోంచేసి, ఒక రాత్రి నిద్ర చేసే ఏర్పాటుంటే ఆ డబ్బులో కొంతైనా ఊళ్లో నిలుస్తుంది.

తుంగభద్ర పుష్కరాలు 2020లో జరిగాయి. మళ్లీ 2032లో వస్తాయి. ఆ పన్నెండు రోజుల కోసం ఘాట్లకు రంగులేస్తారు, దీపాలు పెడతారు. పదమూడో రోజు నుంచి ఆ మెట్లు దిగాల్సింది ఊరివాళ్లే. వాళ్లు దిగడం మానేస్తే, ఎన్ని కోట్లు పెట్టినా అవి రాళ్లే.