అటకమీది తుపాకి

మానుకోట యని జనులు నేటికిని పిలుచుకొను మహబూబాబాదు ప్రాంతమున పాతయిండ్లు విప్పునపుడును, అన్నదమ్ములు పంపకములు చేసికొనునపుడును, అటకలమీదనుండి తుప్పుపట్టిన తుపాకి యొకటి బయటపడుట వింత గాదు. ఇంటివారు దానిని చూచి మొదట భయపడుదురు, పిమ్మట గర్వింతురు, ఆ పిమ్మట తోముటకు కూర్చుందురు. ఈ మూడవ పనినిగూర్చియే మేమీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

ఇట్టి తుపాకి యొకటి మిత్రుల యింట మా కంటబడినది. మేము పోవునప్పటికే యింటి కుఱ్ఱవాడొకడు చింతపండును ఇటుకపొడియు గొని, పూజసామగ్రి తోమినంత శ్రద్ధతో దానిని తోమి తళతళలాడించి యుండెను. గుఱ్ఱము అమర్చిన యినుపపలకమీద కిరీటము గుర్తు సగము నిలిచియున్నది. టవరు అను ఆంగ్లాక్షరములు మసకగ కనబడుచున్నవి. సంవత్సరపు అంకెలలో 18 మాత్రము మిగిలి, తరువాతి రెండంకెలును ఇటుకపొడిలో కలిసిపోయినవి. "ఇది కాకతీయులనాటిది" యని గృహస్థు మాతో సగర్వముగ చెప్పెను.

కాకతీయ రాజ్యము 1323లో అస్తమించినది. నాటి మన సైనికులు చేతుల బట్టినవి ఖడ్గములు, బల్లెములు, విండ్లు. ఇట్టి తుపాకి వారి స్వప్నములలో సైతము లేదు. ఓరుగల్లు చేరువ నున్నందున పాతదెల్ల కాకతీయులకే అంటగట్టుట మనకు అలవాటైనది. ఆ మహాయశమునకు మన అటకలమీది తుప్పుతో పనిలేదు. సత్యమునకు మాత్రము ఆ తుప్పుతో పని కలదు.

ఏలయన, పోయిన ఆ రెండంకెలు చిన్నవి కావు. తుపాకి పొడవునుబట్టియు, గొట్టమును కఱ్ఱకు బిగించిన మూడు పట్టీలనుబట్టియు, మూతినుండి మందును గుండును దట్టించి రాగిటోపీతో పేల్చు తీరునుబట్టియు అది 1853 నాటి ఎన్‌ఫీల్డు నమూనాకు చెందినదని తోచినది. 1857లో సిపాయిలు పండ్లతో కొఱుక నిరాకరించిన క్రొవ్వుపూసిన తూటాలు ఈ నమూనా తుపాకికి ఉద్దేశింపబడినవే. దాని గొట్టములో మెలితిరిగిన గాడులు మూడుండును. గుండు వానిలో తిరుగుచు పోవుటచే దూరమును గురియును హెచ్చును. గొట్టము పొడవు 39 అంగుళములు. మూతి వ్యాసము అంగుళములో సుమారు 0.58 వంతు.

తిరుగుబాటు అణగినపిదప ఆంగ్లప్రభుత్వ మేమి చేసినది? చూపునకు అదే తుపాకి, కాని లోపల గాడులు లేని నునుపు గొట్టము, వ్యాసము సుమారు 0.65 అంగుళము గలదానిని చేయించి భారతీయ సిపాయిల చేతికిచ్చినది. తెల్ల సిపాయి తుపాకి దూరమును గురియు కలది. నల్ల సిపాయిది రెండును తగ్గినది. తరువాత తెల్లవారికి మార్టినీ-హెన్రీ వచ్చినపుడు మనవారికి స్నైడరు దక్కినది. ఒక తరము వెనుకబడిన ఆయుధమే మనవారి కియ్యవలెనను నీతి అట్లు సాగినది. 1878లో లిట్టను ప్రభువు చేసిన ఆయుధచట్టమునకు పునాది ఈ యవిశ్వాసమే. ఒక గొట్టములోని నునుపు ఇంత చరిత్ర చెప్పగలదు.

మిత్రుని తుపాకిలోనికి నూనె గుడ్డ నెమ్మదిగా పంపి, తుప్పు తుడిచి, దీపము వేసి చూచితిమి. గాడులు కనబడలేదు. అంతమాత్రమున అది 1857కు తరువాతిదని నిశ్చయింప వీలులేదు. గాడులు గల పాత గొట్టములను సైతము పిదప తొలిచి నునుపు చేసిన సందర్భములు కలవు. ఆ రెండంకెలు నిలిచియున్న సందేహము చాలవఱకు తీరియుండెడిది. మడమకున్న ఇత్తడి రేకుమీద పటాలపు సంఖ్య యేదైన నుండెనేమో, అదియు చింతపండు పాలైనది. నూటయేబదియేండ్లకు పైగా కాలము చెఱపలేకపోయినదానిని మనము ఒక మధ్యాహ్నమున చెఱిపితిమి.

కావున అట్టి తుపాకి దొఱకినవారు చేయదగిన పనులు క్రమముగ చెప్పుచున్నాము.

మొట్టమొదట, అది మందు దట్టించియున్నదనియే భావింపవలయును. నల్లమందు పొడిగ నున్నచో నూఱేండ్లకును చావదు. మూతికెదురుగ నిలువక, ప్రక్కనుండి సన్నని కఱ్ఱపుల్ల నొకటి మెల్లగ లోనికి జాఱవిడిచి, మూతికడ గుర్తుపెట్టి, వెలికిదీసి గొట్టముప్రక్క నానించి చూడవలయును. పుల్లకొన టోపీ పెట్టు చెవి దగ్గఱకు చేరక రెండుమూడంగుళముల ముందే నిలిచినచో లోపల మందు ఉండవచ్చును. అప్పుడు పొడువరాదు, కొట్టరాదు, కాచరాదు, ఎండలో పెట్టరాదు. పిల్లలను దూరముగ నుంచి పోలీసులకు కబురు చేయవలయును.

రెండవది, తుడువకముందే ఛాయాచిత్రములు తీయవలయును. పలక, మడమ, గొట్టపు మొదలు, కఱ్ఱపై పొడిచిన ముద్రలు ఏటవాలు వెలుతురున చక్కగ కనబడును. కొలతలు వ్రాసికొనవలయును. ముద్ర యున్నంతమాత్రమున నమ్మరాదు. వాయవ్య సరిహద్దున దొంగముద్రలు కొట్టిన నకళ్లు పుట్టినవి. ముద్రయు, కొలతయు, పనితనమును ఒకదానితో నొకటి పొసగవలయును.

మూడవది శుద్ధి. మెత్తని కుంచెతో దుమ్ము దులిపి, కుట్టుమిషనుకు వాడు పలుచని నూనెను నూలుగుడ్డకు అద్ది యినుముమీద రాచి, ఒకదినము ఊరనిచ్చి తుడువవలయును. పొడిగ రాలు ఎఱ్ఱతుప్పు పోవువఱకు ఈ పనియే మరల మరల చేయవలయును. అడుగున గట్టిగ అంటిన ముదురుగోధుమవన్నె పొర పోనక్కఱలేదు. అది తుపాకి వయస్సు. చింతపండు, నిమ్మకాయ, ఇటుకపొడి, ఇసుక, గరుకుకాగితము, సానరాయి వీనిని దరిజేరనీయరాదు. ఇత్తడి మెఱయకున్న నష్టములేదు. కఱ్ఱను నీట తడుపరాదు, వార్నీసు పూయరాదు. పొడిగుడ్డతో తుడిచి, కావలసినచో తేనెమైనము పలుచగ రాచిన చాలును. మొలలు తెలియనివాడు విప్పరాదు. చేతిచెమటలోని ఉప్పు మరల తుప్పును పుట్టించును గనుక ముట్టినపిదప మరల నూనెగుడ్డతో తుడువవలయును. వానకాలమున గోనెసంచిలో చుట్టి దాచుటకన్న పెద్ద అపకారము లేదు.

నాలుగవది చట్టము. 1959 ఆయుధచట్టములోని 45వ విభాగము, మరమ్మతు చేసినను చేయకున్నను పేల్చుటకు పనికిరాని పాతనమూనా ఆయుధములను మినహాయించినది. పేలగల తుపాకి యెంత ముసలిదైనను ఆ మినహాయింపు క్రిందికి రాదు. ఇది తేల్చువాడు గృహస్థుడు కాడు. కావున దాచక అధికారులకు తెలుపుటయే క్షేమము.

ఇచ్చటనే మా మనవి యొకటి కలదు. ఈ సీమ తుపాకులకు రెండువిధముల జ్ఞాపకములు కలవు. 1946 జూలై 4న కడివెండిలో దొడ్డి కొమరయ్యను బలిగొన్నది తుపాకియే. 1948 ఆగస్టు 27న రజాకారులు దండెత్తినపుడు బైరానుపల్లి బురుజుమీద గ్రామస్థులు పట్టినవియు భర్మారు తుపాకులే. 1951లో సాయుధపోరాటము విరమింపబడి డెబ్బదియేండ్లు దాటినవి. చూచి చెప్పగల వృద్ధులు బహుకొద్దిమంది. మన అటకమీది తుపాకి గడీ కావలివానిదో, బురుజుమీది రైతుదో, ఏ సిపాయి విడిచిపోయినదో చెప్పుటకు ఇక మిగిలిన సాక్షులు దానిమీది గుర్తులే. గడీతుపాకిని వీరుని తుపాకిగ చెప్పుకొనుటయు, వీరుని తుపాకిని గుర్తుపట్టక తూకమున కమ్ముటయు సమానమైన అన్యాయములు.

ప్రభుత్వము వారు అప్పగింపబడిన ప్రతి పాత ఆయుధమును నాశము చేయుటకు ముందు పురావస్తుశాఖ వారిచే పరీక్ష చేయించి, ముద్రలను కొలతలను నమోదు చేయించవలయును. ఉంచదగినదానిని పేలకుండ జేసి ప్రదర్శనశాలకు పంపవలయును. హైదరాబాదులోని సాలార్‌జంగు ప్రదర్శనశాలలో ప్రభువుల ఆయుధములు అద్దములలో వెలుగుచున్నవి. రైతు భర్మారుకును ఒక మూల చోటు దొఱకుట న్యాయము. తుపాకి తెచ్చి యిచ్చినవానిని దొంగనుగ చూచినచో, రెండవవాడు దానిని బావిలో పడవేయును. చరిత్రయు దానితో మునుగును.

మా పాఠకులలో పాతయిండ్లు గలవారు పెక్కుమంది కలరు. ఈ వానకాలము రాకముందే అటక లొకసారి చూడుడని వారిని కోరుచున్నాము. దొఱకినచో చింతపండు ముట్టకుడు. మన పూర్వులు వీరులని చాటుట సులభము. వారు నిజముగ ఎవరో తెలిసికొనుటకు ఓర్పు కావలయును, మెత్తని గుడ్డ కావలయును, వినవలసివచ్చినది అప్రియమైనను వినగల మనస్సు కావలయును.