పెండ్లి మధ్యవర్తులు – అద్దె మాటలు

సంబంధము కుదిర్చి ప్రతిఫలము పుచ్చుకొనుట మనకు క్రొత్త కాదు. పెండ్లిండ్ల పేరయ్య నెఱుగని తెలుగుపల్లె యుండదు. ఆ పేరయ్య యిపుడు సెల్‌ఫోనులో కాపురము పెట్టినాడు. చెన్నపట్టణము కేంద్రముగా నడచుచున్న భారత్‌మ్యాట్రిమొనికి తెలుగువారికై ప్రత్యేకశాఖ గలదు. దాని మాతృసంస్థ వాటాలు 2017లో స్టాకుమార్కెటున కెక్కినవి. సభ్యత్వపు రుసుముగాక, మన పక్షమున వెదకి మాటలాడు సలహాదారునకు వేఱుగ నధికమైన రుసుము నీయవలెను. పాశ్చాత్యదేశములందీ వ్యాపార మింకొక మెట్టెక్కినది. 2012లో టిండరు పుట్టినపిమ్మట, చెలిమి కోరువారికి పరిచయపత్రము వ్రాసిపెట్టుట, ఫొటోల నెన్నుట, సంభాషణ నేర్పుట, తుదకు వారి పేరిట ఉత్తరప్రత్యుత్తరములు నడపుట వృత్తులైనవి. నేడా పనిని కృత్రిమమేధయు చేయుచున్నది.

ఇది దూరపు ముచ్చటయని కమలాపురము వారు తలపరాదు. పాపాఘ్ని పెన్నలో కలియు నీ సీమనుండియు, కడపజిల్లా యితరభాగములనుండియు బ్రతుకుతెరువునకై కువైటునకు పోయినవా రనేకులు. ముంగారు తప్పిన యేట మెట్టరైతు కుమారునకు పిల్లనిచ్చుటకు వెనుకాడుదురు. కువైటున నున్నవానికి దొరకిన సెలవులోనే పెండ్లి కావలెను. ఇట్టి తొందరయు బెంగయు నున్నచోట బేరమాడువారు తక్కువ. అడిగినంత యిచ్చువారే యెక్కువ.

చట్టము మాట చూతము. పెండ్లి కుదిర్చినందుకు సొమ్మిత్తునను ఒడంబడిక లోకనీతికి విరుద్ధమనియు, 1872 నాటి కాంట్రాక్టు చట్టము 23వ సెక్షను ననుసరించి చెల్లదనియు మదరాసు హైకోర్టు 1893లోనే తీర్పు చెప్పినది. కావున పాత పేరయ్య దావా వేసి సొమ్ము రాబట్టలేడు; ఊరిలో తనకుగల మంచిపేరే యాతని యాస్తి. నేటి సంస్థలు పెండ్లికిగాక నెలలకు వెలకట్టి, ముందుగనే వసూలు చేయుచున్నవి. పాతవానికి పెండ్లి జరిగిననే లాభము; క్రొత్తవానికి వెదకులాట సాగినకొలది లాభము. ఈ భేదమును తలిదండ్రులు గుర్తింపవలెను.

ఇట్టి సేవ లన్నియు మోసములని మే మనము. వితంతువులకు, విడాకులు పొందినవారికి, దూరదేశములందున్నవారికి, బంధువర్గము చూపజాలని సంబంధములను ఇవి చూపగలవు. బిడియపడు యువకునకు మాటతీరు నేర్పుటయు తప్పు కాదు. కాని నేర్పుట వేఱు, వాని బదులు మాటలాడుట వేఱు. గురజాడవారి కన్యాశుల్కమున కరటకశాస్త్రి తన శిష్యునకు ఆడువేషము వేసి, రామప్పంతులు మధ్యవర్తిత్వమున లుబ్ధావధానులకు కట్టబెట్టుట చూచి మనము నవ్వుదుము. జీతపుమనిషి వ్రాసిన తీయని మాటలను వరునివని నమ్మి తలయూపిన పిల్లకు నవ్వు రాదు. రుసుమిచ్చువా డొకడు, దాని ఫల మనుభవించునది, ఆ బేరము సంగతియే యెఱుగని వేఱొకతె. ఈ వ్యాపారమందలి యసలు దోష మిదియే.

కేంద్రప్రభుత్వము 2016 జూనులో మ్యాట్రిమొని వెబ్‌సైటులకు మార్గదర్శకములు జారీచేసి, సభ్యుల గుర్తింపును పరిశీలింపవలెనని చెప్పినది. మనిషి నిజమైనవాడైన చాలదు. మాటయు వానిదే కావలెను. ఒకరి పేరిట జీతపుమనిషిగాని యంత్రముగాని మాటలాడునపు డాసంగతి నెదుటివారికి ముందే తెలుపవలెనను నిబంధన యవసరమని మా యభిప్రాయము. రుసుము, గడువు, సొమ్ము వాపసు షరతులు తెలుగులో వ్రాసి యీయవలెను. సేవయందు లోపమున్నచో 2019 నాటి వినియోగదారుల రక్షణచట్టము క్రింద జిల్లా కమిషనులో ఫిర్యాదు చేయవచ్చును. ఆన్‌లైనులో సొమ్ము కాజేసినచో వెంటనే 1930 నంబరునకు తెలుపవలెను. పరువు పోవునని దాచినకొలది మోసగాడు మఱియొక యింటి తలుపు తట్టును.

పొలము కొనునపుడు అడంగలు చూచి, గట్లు త్రొక్కి, ఇరుగుపొరుగుల విచారించినగాని బయానా యీయని రైతులు మనవారు. పిల్లల బ్రతుకు విషయమునను ఆపాటి శ్రద్ధ వహింపుదురుగాక. వధూవరు లిరువురు మధ్యవర్తి లేక యెదురెదురుగ కూర్చుండి తమ నోట తాము మాటలాడుకొనకమున్ను ఏ సంబంధమును ఖాయపఱుపరాదు.